దజాయ్ ‘షాయో’: ఆ ఇంటి డబ్బంతా ఎటు పోయింది?

మీరు అడిగినవి మూడు. జపాన్ రచయిత దజాయ్ ఒసాము నవల ‘షాయో’ని డొనాల్డ్ కీన్ ఇంగ్లిష్ అనువాదంలో, ‘ద సెట్టింగ్ సన్’గా, చదివానన్నారు. టోక్యోలో ఇల్లు, పనివాళ్లు, బిరుదు ఉన్న కుటుంబం యుద్ధం ముగిసిన కొద్ది నెలలకే చీరలమ్ముకునే స్థితికి ఎలా వచ్చింది అన్నది మొదటిది. (చీరలు అని మీరే రాశారు, కిమోనోలకి ఆ మాట నాకు బాగానే ఉంది.) అప్పటి జపాన్ ప్రభువర్గం నిజంగా అలాగే ఉండేదా అన్నది రెండోది. చివర్లో ఆ ఇంటి కొడుకు నవోజి ‘నేను ప్రభువంశంవాణ్ణి’ అని రాసి చనిపోవడం అతిగా లేదా అన్నది మూడోది.

నేను జపనీస్ చదవడం మొదలుపెట్టి పాతికేళ్లు దాటింది. ఈ నవలను నాలుగైదుసార్లు చదివాను. మొదటిసారి నాకూ అచ్చం మీలాగే అనిపించింది. తర్వాత ఒకసారి పక్కన 1946 నాటి సంఘటనల జాబితా పెట్టుకుని చదివితే కథ వేరేగా కనిపించింది. ఇందులో డబ్బు లెక్క చాలా గట్టిది. దజాయ్ ఒసాము దాన్ని గట్టిగా చెప్పడు, అంతే.

మొదటి పేజీ గుర్తు చేసుకోండి. తల్లి సూప్ తాగుతుంటుంది. పళ్లెం మీదికి వంగదు, కిటికీవైపు చూస్తూ, చెంచా కొనను పెదవులకు ఎదురుగా పెట్టి అలవోకగా లోపలికి జార్చుకుంటుంది. మర్యాద పుస్తకాల ప్రకారం అది తప్పు. కూతురు కజుకోకి మాత్రం అసలైన పెద్దరికం అదేననిపిస్తుంది, తను ఎంత ప్రయత్నించినా రాదు. అందరూ ఈ చెంచా గురించే మాట్లాడతారు. ఆ సూప్ దేంతో చేసిందో చూడండి: అమెరికా నుంచి వచ్చి రేషన్‌లో ఇచ్చిన పచ్చిబఠాణీ డబ్బా. దాన్నే కజుకో జల్లెడలో వడగట్టి పోటాజ్ చేసింది. ‘జపాన్‌లో చివరి గొప్పింటి ఇల్లాలు’ అని కూతురు పొగిడే ఆవిడ, గెలిచిన దేశం పంచిన డబ్బా బఠాణీని అంత నాజూగ్గా తాగుతోంది. నవలంతా ఇందులోనే ఉందని నేనంటే అతిశయోక్తి అనుకోకండి.

ఇక డబ్బు సంగతి. తండ్రి పదేళ్ల కిందటే పోయాడు. అప్పట్నుంచి లెక్కలన్నీ వాదా అనే మేనమామ చూస్తున్నాడు. ఇంగ్లిష్‌లో ‘అంకుల్’ అన్న మాట దగ్గర ఎవరో బంధువులే అనిపించవచ్చు, ఆయన తల్లికి సొంత తమ్ముడు. మేనమామ అనగానే మనకి ఆ చనువూ ఆ పెత్తనమూ రెండూ అర్థమైపోతాయి. 1945 ఆగస్టులో జపాన్ లొంగిపోయింది. ఇల్లు అమ్మక తప్పదు, పనివాళ్లని పంపించెయ్యండి అని ఆయన తేల్చేశాడు. టోక్యో నిషికతా-చోలోని ఇల్లు అమ్మేసి డిసెంబర్ మొదట్లో తల్లీ కూతుళ్లు ఇజు ద్వీపకల్పంలో ఒక వైకౌంట్‌గారి విడిది ఇంటికి మారారు. అదే నెల 16న, మూడుసార్లు ప్రధానమంత్రిత్వం చేసిన, జపాన్‌లో అత్యున్నత వంశాల్లో ఒకదానికి పెద్ద అయిన కోనోయె ఫుమిమారో, యుద్ధ నేరాల కింద అరెస్టు కాబోతూ విషం తాగి చనిపోయాడు. నవలలో ఆ ఊసే లేదు. చదివిన జపనీయులకి మాత్రం ఆ డిసెంబర్ అంటే ఏమిటో తెలుసు.

ఇల్లమ్మిన సొమ్ము బ్యాంకులో ఉంది కదా అంటారు. అక్కడే చిక్కు. 1946 ఫిబ్రవరి 16, శనివారంనాడు ప్రభుత్వం ప్రకటన చేసింది. మర్నాటి నుంచి బ్యాంకు ఖాతాలన్నీ స్తంభన. పాత నోట్లు మార్చి మొదటి రోజుల తర్వాత చెల్లవు, తెచ్చి బ్యాంకులో వేసుకోవాల్సిందే. వేసినవి కొత్త యెన్లలో నెలనెలా ఇంత అని మాత్రమే తీసుకోవచ్చు: ఇంటి యజమానికి 300 యెన్లు, మిగతా ఒక్కొక్కరికీ 100. జీతగాళ్లకైతే నెలకి 500 వరకే చేతికి, మిగతాది ఖాతాలోకి. కొత్త నోట్లు సరిపడా అచ్చు కాలేదు, దాంతో పాత నోట్ల మీదే చిన్న స్టాంపు అంటించి కొత్తవిగా చలామణి చేశారు. మన 2016 నోట్ల రద్దులో క్యూలో నిలబడ్డవాళ్లకి ఇందులో సగం చెప్పకుండానే అర్థమవుతుంది. మిగతా సగమే భయంకరం. ధరలు వారం వారం పెరుగుతుంటే ఖాతాలో అంకె అలాగే ఉంటుంది. తల్లీ కూతుళ్లిద్దరికీ కలిపి నెలకి 400. బ్లాక్ మార్కెట్ బియ్యానికి అది ఏ మూలకి?

ఆ స్తంభనకి ఇంకో ఉద్దేశం ఉంది. ఎవరి దగ్గర ఎంతుందో ప్రభుత్వానికి తెలియాలి. 1946 మార్చి 3 నాటికి ఉన్న ఆస్తి మీద పన్ను వేస్తామన్నారు. చట్టం నవంబర్‌లో వచ్చింది. లక్ష యెన్లు దాటిన ఆస్తికి 25 శాతంతో మొదలై, కోటీ యాభై లక్షలు దాటిన భాగానికి 90 శాతం దాకా. చక్రవర్తి కుటుంబం ఆస్తి కూడా దీన్నుంచి తప్పించుకోలేదు. నవలలో తల్లి ఒకరోజు కూతుర్ని కూర్చోబెట్టి మామయ్య కబురు చెబుతుంది: ఖాతాలు ఆపేశారట, ఆస్తి పన్నట, మన డబ్బు ఇంక ఏమీ లేదట. ఒక్క వాక్యం, అంతే. మనం దాన్ని దాటేసి పాము గుడ్ల దగ్గరికో, కజుకో తను ప్రేమించే రచయిత ఉయెహారాకి రాసిన ఉత్తరాల దగ్గరికో పరిగెత్తుతాం. 1947లో పత్రికలో చదివినవాళ్లకి ఆ వాక్యం దగ్గర కడుపు కలుక్కుమని ఉంటుంది. వాళ్ల ఖాతాలూ అందులోనే ఉన్నాయి.

తర్వాత జరిగేది చూడండి. కజుకోని ఏ రాజబంధువుల ఇంటికో కొలువుకి పంపమని మామయ్య సలహా ఇస్తాడు. కజుకో ఏడ్చి గోల చేస్తుంది. అప్పుడు తల్లి, జీవితంలో మొదటిసారి తమ్ముడి మాట కాదంటుంది. మన బట్టలు ఒక్కోటీ అమ్ముకుని, దుబారాగా, దర్జాగా బతుకుదాం అంటుంది. దీనికి ఆ రోజుల్లో జపనీయులు వాడిన మాట ‘తకెనొకో సెయికత్సు’, వెదురు కొమ్ము బతుకు. కొమ్ముకి పొర తర్వాత పొర ఒలిచినట్టు ఒంటి మీది బట్ట ఒక్కోటీ ఒలిచి పల్లెల్లో రైతులకి ఇచ్చి బియ్యం, దుంపలు తెచ్చుకోవడం. పేదవాళ్లూ అదే చేశారు. వీళ్ల దగ్గర పొరలు ఎక్కువున్నాయి, తేడా అంతే.

రెండో ప్రశ్నకి వద్దాం. ముందొక పేరు గందరగోళం తీర్చాలి. కథానాయిక పేరు కజుకో, బిరుదులున్న వర్గం పేరు ‘కజోకు’. తెలుగులో చెప్పేటప్పుడు చాలామంది ‘జమీందారులు’ అనేస్తారు, అది తప్పుదారి పట్టిస్తుంది. కజోకు అనేది భూమికి కాదు, బిరుదుకి సంబంధించినది. 1869లో క్యోటో ఆస్థాన వంశాలనీ పాత సామంత ప్రభువులనీ కలిపి ఆ పేరు పెట్టారు. 1884లో యూరప్‌ని చూసి అయిదు మెట్లు కట్టారు: డ్యూక్, మార్క్విస్, కౌంట్, వైకౌంట్, బారన్ లాంటివి. కొత్త ప్రభుత్వానికి సేవ చేసినవాళ్లకీ బిరుదులిచ్చారు, తర్వాత్తర్వాత వ్యాపారస్తులకీ ఇచ్చారు. పార్లమెంటు ఎగువ సభలో చాలా సీట్లు వాళ్లవే. అంటే మీరు వెయ్యేళ్ల కులీనత అనుకుంటున్నది, చట్టం కాగితం మీద చూస్తే నవల నాటికి ఎనభై ఏళ్లు కూడా నిండని ఏర్పాటు.

వాళ్ల పతనం కూడా 1945లో మొదలవలేదు. ‘ప్రభువుల బ్యాంకు’ అని జనం పిలుచుకునే పదిహేనో బ్యాంకు, 1877లో వాళ్ల పెట్టుబడితోనే పుట్టింది, 1927 ఏప్రిల్ ఆర్థిక సంక్షోభంలో తలుపులు మూసేసింది. అప్పుడే ఎన్నో ఇళ్ల పునాదులు కదిలాయి. యుద్ధం తర్వాత వచ్చినవి చివరి దెబ్బలు.

ఇక్కడ తేదీలు చూడండి. కొత్త రాజ్యాంగాన్ని 1946 నవంబర్ 3న ప్రకటించారు, అమలు 1947 మే 3 నుంచి. పద్నాలుగో అధికరణం కజోకునూ ఇతర ప్రభువర్గ వ్యవస్థలనూ గుర్తించదని ఒక్క ముక్కలో తేల్చేసింది. ‘షాయో’ షించో పత్రికలో ఆ జులై నుంచి అక్టోబర్ దాకా వచ్చింది, డిసెంబర్‌లో పుస్తకమైంది. అంటే ఆ వర్గం చట్టపరంగా మాయమైన రెండు నెలలకి మొదటి భాగం. చివరి భాగం వచ్చిన అక్టోబర్‌లోనే, 14వ తేదీన, రాజకుటుంబపు 11 శాఖలకి చెందిన 51 మంది మామూలు పౌరులైపోయారు. సెప్టెంబర్ చివర్లో ‘అంజో ఇంటి నృత్యోత్సవం’ అనే సినిమా విడుదలైంది. ఇల్లమ్ముకుంటున్న ప్రభువుల కుటుంబం ఆఖరి విందు కథ, హరా సెత్సుకో నటించింది. దానికీ, దజాయ్ నవలకీ స్ఫూర్తి ఒకటే, చెహోవ్ ‘చెర్రీ తోట’. ఒకే శరదృతువులో రెండు చెర్రీ తోటలు!

మరి అసలు వాళ్లు అలాగే ఉండేవారా? సూటిగా చెప్పాలంటే, లేదు. దజాయ్ ఆ వర్గంవాడే కాదు. అసలు పేరు త్సుషిమా షూజి. 1909లో ఉత్తరాన అవొమొరి జిల్లాలోని కనగి అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి భూస్వామి, వడ్డీ వ్యాపారం, బ్యాంకు. ఎగువ సభలో ఒక సీటు సంపాదించాడు గానీ బిరుదుతో కాదు, ఎక్కువ పన్ను కట్టేవాళ్ల కోటాలో. మనం ‘జమీందారు’ అనే మాట వాడాల్సిన చోటంటూ ఈ నవల చుట్టుపక్కల ఉంటే అది కనగిలోని ఈ ఇల్లే.

ఆ ఇల్లు నేను చూశాను. గొషొగవరా నుంచి త్సుగరు రైల్వే అని చిన్న రైలు వెళ్తుంది, చలికాలంలో పెట్టెలో బొగ్గు పొయ్యి పెడతారు. స్టేషన్ నుంచి నడుస్తుంటే చెక్క ఇళ్ల మధ్య ఒక్కసారిగా ఎత్తైన ఎర్ర ఇటుకల ప్రహరీ ఎదురొస్తుంది. లోపల పెద్ద మండువా, పక్కనే డబ్బు లావాదేవీల కౌంటరు. కౌలు రైతులు వచ్చి నిలబడే చోటు అదే. ఆ కౌంటరు చెక్క మీద చెయ్యి వేసినప్పుడు నాకు నవల ఇజు నుంచి కనగికి మారిపోయింది. మేడ మీద ఒక గదిలో జరుపు తలుపు మీద చైనా పద్యం రాసుంటుంది, దాని చివర ‘షాయో’ అన్న రెండక్షరాలున్నాయి: వాలిన పొద్దు. పిల్లవాడిగా దజాయ్ ఆ గదిలో చదువుకున్నాడట.

బాంబు దాడులకి ఇళ్లు పోగొట్టుకుని 1945 జులైలో భార్యాబిడ్డలతో దజాయ్ ఆ ఇంటికే చేరి, 1946 నవంబర్ దాకా ఉన్నాడు. ఆ పదిహేను నెలల్లో అతని కళ్లముందు జరిగింది ప్రభువర్గ పతనం కాదు, భూసంస్కరణ. 1946 అక్టోబర్ చట్టంతో ఊళ్లో ఉండని భూస్వాముల భూమి మొత్తం, ఊళ్లో ఉన్నవాళ్లకి సుమారు ఒక హెక్టారు మించిన కౌలు భూమి ప్రభుత్వం కొనేసి కౌలుదార్లకి ఇచ్చేసింది. ధర ముందే ఖాయం చేశారు, ద్రవ్యోల్బణం దాన్ని తినేసింది. యుద్ధం ముందు సాగుభూమిలో దాదాపు 46 శాతం కౌలు కింద ఉండేది, 1950 నాటికి సుమారు 10 శాతానికి పడిపోయింది. తను పుట్టిన ఇంటి చుట్టూ ఇది జరుగుతుంటే దజాయ్ ‘ఇది అచ్చం చెర్రీ తోట’ అనుకున్నాడు, జపాన్ చెర్రీ తోట రాస్తానని చెప్పుకున్నాడు.

అక్కడితో ఆగినా నవల వచ్చేదే. నవలకి రెండో మూలం ఓతా షిజుకో. వైద్యుడి కూతురు, దజాయ్‌కి అభిమాన పాఠకురాలు, తర్వాత ప్రేయసి. ఒదవరా దగ్గర షిమొసొగాలో తల్లితో కలిసి ఉండేది, తల్లి పోయాక ఒంటరి. ఆమె డైరీ కావాలని దజాయ్ అడిగాడు. 1947 ఫిబ్రవరిలో వెళ్లి తీసుకుని, ఇజులోని మితొ తీరంలో ఒక సత్రంలో కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. కజుకో గొంతులో చాలా భాగం షిజుకో డైరీదే. ఆ నవంబర్‌లో ఆమెకి దజాయ్ వల్ల కూతురు పుట్టింది. నవలలో కజుకో కడుపులో బిడ్డ ఎక్కడ్నుంచి వచ్చిందో ఇక చెప్పనక్కర్లేదు. షిజుకోకి దక్కాల్సిన గౌరవం చాలాకాలం దక్కలేదని నా ఫిర్యాదు, అది వేరే కథ.

అంటే భూస్వామి కొడుకు, వైద్యుడి కూతురు కలిసి అల్లిన ప్రభువంశం ఇది. అది జపనీస్‌లో దొరికిపోతుంది కూడా. గొప్పింటి ఆడవాళ్లు గౌరవవాచకాలు ఇలా వాడరు, ఇది పల్లెటూరి పనిమనిషి మాటలా ఉందని పెద్ద రచయిత షిగా నవోయా ఎత్తిపొడిచాడు. ఒకప్పుడు ప్రభువుల పిల్లలు చదివిన గకుషూయిన్ బడిలో చదువుకున్న రచయిత మిషిమా యుకియో కూడా అదే పట్టుకున్నాడు: తల్లి ‘ఆరగించే’ తీరు అనాల్సిన చోట కజుకో వినయంగా తన గురించి చెప్పుకునే క్రియ వాడేసింది. మనవాళ్లలో ఎవరైనా ‘అమ్మగారు వచ్చింది’ అంటే పెద్దవాళ్ల చెవికి ఎలా గుచ్చుకుంటుందో అలాంటిది. ఇంగ్లిష్‌లో ఇదేదీ కనబడదు. షిగా మాటలకి దజాయ్ మండిపడి, చనిపోయే ముందు నెలల్లో ఒక ఘాటైన వ్యాసం రాశాడు. నాకైతే షిగా చెప్పింది నిజమే అనిపిస్తుంది, అయినా నవలకి దెబ్బేమీ తగల్లేదనీ అనిపిస్తుంది. కజుకో కూడా అమ్మలా చెంచా పట్టుకోలేకపోయింది కదా.

అనువాదం మాట వచ్చింది కాబట్టి ఒకటి. తల్లికి జ్వరం వస్తే ఊరి వైద్యుడు హకమా (కిమోనో మీద నడుముకి కట్టే వస్త్రం) కట్టుకుని, తెల్లటి ‘తబి’ తొడుక్కుని వస్తాడు. తబి అంటే బొటనవేలు విడిగా ఉండే మేజోళ్లు. కీన్ దాన్ని ‘తెల్ల గ్లవ్స్’ అని మార్చాడు. తెలియక చేసింది కాదు. తెల్ల మేజోళ్లంటే అమెరికన్ పాఠకుడికి దర్జా తోచదు, గ్లవ్స్ అంటే తోస్తుంది. సరే, కానీ మీరు చదివిన పుస్తకంలో అలాంటి సర్దుబాట్లు ఉన్నాయని గుర్తుంచుకోండి.

పుస్తకం ఎంతగా ఎక్కిందంటే చితికిపోయిన గొప్పిళ్లవాళ్లని ‘షాయోజొకు’, వాలుపొద్దు జాతి, అనడం మొదలైంది. కొన్నాళ్లకి అదే ఉచ్చారణతో వేరే అక్షరాలు పెట్టి కంపెనీ ఖర్చు మీద తాగి తినేవాళ్లని షాయోజొకు అన్నారు. కనగి ఇల్లు 1948లో చేతులు మారింది, తర్వాత ‘షాయోకన్’ అనే సత్రమైంది, ఇప్పుడు మ్యూజియం. అన్నట్టు, ఆ ఇంటి పెద్ద, దజాయ్ అన్న బుంజి, 1947లో అవొమొరికి ప్రజలు నేరుగా ఎన్నుకున్న మొదటి గవర్నరయ్యాడు. అందరి పొద్దూ వాలలేదు.

ఇక నవోజి. యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఈ మత్తుబానిస మొదట్లోనే అంటాడు, బిరుదున్నంత మాత్రాన ప్రభువంశం కాదు, మనింట్లో అసలుది అమ్మ ఒక్కతే అని. అలాంటివాడు చివరి ఉత్తరం చివరి వాక్యంలో ‘అక్కా, నేను కిజొకుని’ అంటాడు. కిజొకు అంటే ప్రభువర్గం, రాజ్యాంగం ఇక గుర్తించను అన్న వాక్యంలో కజోకు పక్కనే ఉన్న మాట. కజుకో ఆఖరి ఉత్తరం తేదీ 1947 ఫిబ్రవరి 7. నవోజి దానికి కొంచెం ముందే చనిపోయాడు. అంటే రాజ్యాంగం ప్రకటన అయిపోయింది, అమలు ఇంకా కాలేదు. ఆ ఆరు నెలల సందులో, ఆ మాట చట్టంలో ఇంకా ప్రాణంతో ఉండగా చివరిసారి అనేసి పోయాడు. తెలుగులో నేనైతే ‘అక్కా, నేను పెద్దింటి బిడ్డనే’ అంటానేమో. దొర అంటే భూమి వాసన వేస్తుంది, కులీనుడు అంటే పాఠ్యపుస్తకం వాసన.

అతి అన్నారు. ఆ ఉత్తరంలోనే దానికి కొంచెం పైన ఒక కోరిక ఉంది, మరోసారి చూడండి. అమ్మ జ్ఞాపకంగా మిగిలిన జనపనార బట్ట కిమోనోని, వచ్చే వేసవికి తమ్ముడు వేసుకుంటాడని కజుకో మళ్లీ కుట్టి పెట్టింది. దాన్ని తన శవపేటికలో పెట్టమంటాడు. వేసుకోవాలని ఉండేదంటాడు. వెదురు కొమ్ము ఒలిచినట్టు ఒక్కో బట్టా అమ్ముకున్న ఇంట్లో అమ్మకుండా మిగిలిన పొర అది. దజాయ్ మొదటి పుస్తకం ‘బన్నెన్’ 1936లో వచ్చింది. అందులో మొదటి కథ మొదటి వాక్యాల్లో ఒకడు చావాలనుకుంటాడు. సంక్రాంతి కానుకలా, కొత్త సంవత్సరానికి ఎవరో అతనికి ఒక తాను బట్ట ఇస్తారు. జనపనారది, సన్న చారలది, వేసవిలో కట్టుకునేది. సరే, వేసవి దాకా బతుకుదాం అనుకుంటాడు.